ఎరుకయు అంకెయు

ఎరుక అను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. జ్ఞానము అనునది యొకటి. చాటలో గింజలు చల్లి, చేయి పట్టి చూచి, రాబోవు మేలుకీడులను చెప్పు ఎరుకలసాని విద్య రెండవది. ఈ రెండును ఒక్క మాట క్రింద ఎట్లు కాపురము చేయుచున్నవో చిన్ననాట నాకు వింతగానే ఉండెడిది గాని, వాని నడుమనున్న గోడ యెంత పలుచనిదో తెలిసివచ్చినది మాత్రము, చాల యేండ్ల తరువాత, ఒక పెద్దాస్పత్రిలోని మానసిక వైద్యపు వార్డులో ఒక బంధువునకు తోడుగా కూర్చుండినప్పుడు. ప్రక్క మంచము మీద డెబ్బది యేండ్ల ముదుసలి యొకతె ఉండెను. ఇంకను మీసము సరిగా రాని హౌస్‌సర్జను ఒకడు, అట్టకు క్లిప్పుతో బిగించిన అచ్చు కాగితము పట్టుకొని వచ్చి, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, అవ్వా?" అని అడిగెను. "అనిపించకేం నాయనా, మోకాళ్ళు పట్టేసిన రోజల్లా అనిపిస్తుంది. ఆ దేవుడికే దయ లేదు" అని యామె నవ్వినది. అతని కలము 'అవును' అను గడికిని 'కాదు' అను గడికిని నడుమ కొంతసేపు గాలిలో నిలిచినది. పిమ్మట 'అవును' మీద టిక్కు పడినది. సాయంకాలమునకు ఆమె కేసు షీటు పై అంచున ఎఱ్ఱసిరాతో 'హై రిస్కు' అని వ్రాయబడి, మంచము నర్సుల బల్లకు ఎదుటికి జరుపబడెను.

ఆ కుఱ్ఱవానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. అతని చేతిలోని కాగితము అతడు వ్రాసినది కాదు. అతని గురువులు వ్రాసినదియు కాదు. ఒక మనుష్యుడు తన ప్రాణము తాను తీసికొనునా, లేక పరుల ప్రాణము తీయునా యను ప్రశ్నకు అంకెలలో సమాధానము చెప్పగల సాధనము కావలెనని నూరేండ్లుగా జైళ్ళును, కోర్టులును, ఆస్పత్రులును పడిన ఆరాటమే చేతులు మారుచు, రూపులు మారుచు, సముద్రములు దాటి వచ్చి, ఆ అట్టకు బిగింపబడినది.

పూర్వము ఈ పని కాగితమునకు గాక మనుష్యునకే అప్పగింపబడి ఉండెను. 1800 మే నెలలో లండను నగరమందలి డ్రూరీ లేన్ నాటకశాలలో మూడవ జార్జి రాజుపై తుపాకి కాల్చిన జేమ్స్ హ్యాడ్‌ఫీల్డ్ అను మాజీ సైనికుడు ఉన్మత్తుడని జ్యూరీ తేల్చగా, వానిని విడిచిపుచ్చుటకును మనసొప్పక, శిక్షించుటకును వీలుపడక, పార్లమెంటువారు ఆ యేడే యొక చట్టము చేసి, అట్టివారిని ప్రభువుల చిత్తము తెలియువరకు నిర్బంధములో నుంచవచ్చునని శాసించిరి. ఎప్పుడు విడువవచ్చునో చెప్పవలసినవాడు ఎవడు? వైద్యుడు. నాటినుండి అతనికి చికిత్సతోపాటు జోస్యము కూడ ఉద్యోగధర్మ మయ్యెను. మన దేశమున 1912 నాటి లూనసీ చట్టము, పిచ్చివలన అపాయకరుడని తనకు తోచినవానిని పట్టి మేజిస్ట్రేటు ముందు నిలుపు అధికారమును పోలీసు ఉద్యోగికే ఇచ్చినది. అపాయమనగా నేమి, అది యెంత, ఎవరికి, ఎన్నాళ్ళలో అను ప్రశ్నలకు చట్టములో సమాధానము లేదు; చూచువాని కంటిలోనే సమస్తమును ఉండెను.

ఆ కంటిని నమ్మక, చేతికి కొలబద్ద నిచ్చినవాడు వైద్యుడు కాడు. చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన సమాజశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ బర్జెస్. ఇల్లినాయ్ రాష్ట్రపు మూడు చెఱసాలలనుండి పెరోలుపై విడుదలైన 3,000 మంది కాగితములు ముందు వేసికొని, 21 విషయములలో ఎవనికెన్ని అనుకూలముగా నున్నవో లెక్కించి, ఒక్కొక్క అనుకూలతకు ఒక్కొక్క మార్కు వేసి, 1928లో ఆయన ఒక పట్టిక ప్రకటించెను. బీమా కంపెనీవాడు ప్రాయమును, రోగములను చూచి ప్రీమియము కట్టునట్టి లెక్కయే అది. 16కు తక్కువ కాకుండ మార్కులు వచ్చినవారిలో పెరోలు షరతులు తప్పినవారు నూటికి ఒకటిన్నర మాత్రమే. 4కు మించనివారిలో నూటికి 76 మంది తప్పిరి. చూచుటకు దివ్యముగా నున్నది. కాని ఆ 21 విషయములలో 'సామాజిక రకము' అనునది యొకటి కలదు. అందు దేశదిమ్మరి, చేతగానివాడు, త్రాగుబోతు, పల్లెటూరి పిల్లవాడు, కొత్తగా వలస వచ్చినవాడు అను పేళ్ళు గడులుగా నిలిచి ఉన్నవి. చేతగానివాడని ఎవడు తేల్చెను? ఏ జైలు గుమాస్తాయో తేల్చెను. ఏ కంటిని తొలగించుటకు పట్టిక పుట్టినదో, ఆ కన్నే అంకె వేషము వేసికొని పట్టికలోపల కూర్చుండెను. ఈ విద్య చరిత్ర యంతటను నాకు మరల మరల కనబడునది ఈ వేషమే.

1954లో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు పాల్ మీల్ ఒక చిన్న పుస్తకము వ్రాసి, నిపుణుని ఊహకును లెక్కల పట్టికకును పోటీ పెట్టిన పరిశోధనల నన్నిటిని ప్రోగుచేసి చూచినచో దాదాపు ప్రతిచోటను పట్టికయే గెలిచెను, లేదా సమముగా నిలిచెను అని చూపెను. మనోవైద్యులకు అది మింగుడుపడలేదు. రోగి కన్నులలోనికి చూచి పట్టుకొనవలసిన దానిని లెక్కల గుమాస్తా పట్టునా యని వాదించిరి. వారి ఊహకు అసలైన పరీక్ష, ఎవరును కోరకుండగనే, ఒక కోర్టు తీర్పు రూపమున వచ్చిపడినది.

జానీ బాక్‌స్ట్రామ్ అనువాడు దాడి నేరమునకు 1959లో న్యూయార్కు రాష్ట్రములో శిక్ష పొంది, జైలులో ఉన్మాదియని నిర్ణయింపబడి, డానిమోరా యను నేరగాండ్ర పిచ్చాస్పత్రికి చేర్పబడెను. 1961 డిసెంబరులో శిక్ష ముగిసినది. మనిషిని మాత్రము విడువలేదు. అపాయకరుడని డాక్టర్లు చెప్పిరి, అంతే. అతడు తన చేతితోనే అర్జీలు వ్రాసికొని వ్రాసికొని తుదకు సుప్రీంకోర్టు దాక పోయెను. ఇతర పౌరులకుండు విచారణ లేకుండ శిక్ష ముగిసినవానిని అచ్చట ఉంచరాదని 1966 ఫిబ్రవరిలో కోర్టు తీర్పు చెప్పగా, అతని వంటి స్థితిలోనే డానిమోరా, మాటియవాన్ ఆస్పత్రులలో నున్న 967 మందిని మామూలు మానసిక వైద్యశాలలకు మార్చవలసివచ్చెను. ఈ వార్త విని ఆ వైద్యశాలల సిబ్బంది గుండెలు జారిపోయినవి. సింహములను గొఱ్ఱెలదొడ్డిలోనికి తోలుచున్నారని భయము.

హెన్రీ స్టెడ్‌మన్, జోసెఫ్ కొకోజా అను ఇద్దరు సమాజశాస్త్రజ్ఞులు ఆ 967 మంది వెంటబడి, నాలుగేండ్లు వారి కాగితములు పరిశీలించి, 1974లో గ్రంథము వెలువరించిరి. వచ్చినవారు నడివయస్సు దాటినవారు, ఏండ్ల తరబడి గోడల నడుమ నలిగినవారు. ప్రమాదకరులని మరల వెనుకటి ఆస్పత్రులకు పంపబడినవారు 967లో 26 గురు. పెక్కుమంది మామూలు వార్డులలో మామూలు రోగులవలె ఉండిపోయిరి; కొందరు ఇండ్లకు పోయిరి. సింహములు రాలేదు. డాక్టర్లు ఏండ్ల తరబడి సంతకములు చేసి చెప్పిన ఎరుక ఇంతగా తప్పినదని ఋజువగుట ఈ శాస్త్రచరిత్రలో అదియే మొదలు. బాక్‌స్ట్రామ్ మాత్రము విడుదలయైన కొలది వారములకే మూర్ఛరోగముచే మరణించెను. తన పేరిట ఒక విద్యయే తలక్రిందులైన సంగతి అతనికి తెలియదు.

విద్య తలక్రిందులైనంత మాత్రమున కోర్టులు దానిని విడిచిపెట్టునా? విడువలేదు సరిగదా, బరువు పెంచినవి. వంగదేశమునుండి కాలిఫోర్నియాకు చదువుకొనవచ్చిన ప్రసన్‌జిత్ పొద్దార్ అను యువకుడు, తనను కాదన్న యువతిని చంపుదునని 1969లో విశ్వవిద్యాలయపు మనోవైద్యశాలలో చెప్పగా, చికిత్సకుడు ఆవరణ పోలీసులకు తెలిపెను. వారు అతనితో మాటలాడి, తెలివిగానే ఉన్నాడని విడిచిరి. ఆ అక్టోబరులో హత్య జరిగిపోయెను. ఆమె తలిదండ్రులు వేసిన దావాపై, ముప్పు పొంచియున్న వ్యక్తిని కాపాడుట చికిత్సకుని విధి యని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఆ తీర్పులోని న్యాయమును నేను కాదనను. అయితే ఆనాటినుండి వైద్యుని మనస్సులో రెండవ ప్రశ్న యొకటి చేరినది: ఈ రోగికి నేనేమి చేయవలెను అనుదానికి ప్రక్కన, రేపు నన్ను ఎవరైన అడిగినచో నేనేమి చూపవలెను అని. కాగితము పుట్టినది మొదటి ప్రశ్నకు, పెరిగినది రెండవదానికి.

టెక్సాస్ రాష్ట్రములో కథ ఇంకను ముదిరినది. అచ్చట మరణశిక్ష వేయుటకు ముందు, ఈ మనిషి మున్ముందు కూడ హింస చేయునా యను ప్రశ్నకు జ్యూరీ జవాబు చెప్పవలెను. థామస్ బేర్‌ఫుట్ అను నేరస్థుని కేసులో డాక్టరు జేమ్స్ గ్రిగ్‌సన్ ముద్దాయిని ఒక్కమారైనను పరీక్షింపకయే, వకీలు చెప్పిన ఊహాకథ విని, ఇతడు మరల హింస చేయుట నూటికి నూరుపాళ్ళు నిశ్చయమని సాక్ష్యము చెప్పెను. అమెరికా మనోవైద్యుల సంఘమువారే ముందుకు వచ్చి, దీర్ఘకాల హింసను గురించి మావారు చెప్పు జోస్యములలో మూడింట రెండు తప్పగుచున్నవని కోర్టుకు విన్నవించుకొనిరి. తమ విద్యను తామే ఇంత నిర్మొగమాటముగా తగ్గించుకొన్న వృత్తి మరియొకటి నాకు తెలియదు. అయినను 1983లో సుప్రీంకోర్టు, వైద్యులు ఎల్లప్పుడును పొరబడుటలేదు గదా, తప్పొప్పులను జ్యూరీయే తేల్చుకొనునని సాక్ష్యమును సమర్థించెను. మరుసటి యేడు బేర్‌ఫుట్‌కు మరణశిక్ష అమలయ్యెను. గ్రిగ్‌సన్‌ను ఆ సంఘము 1995లో బహిష్కరించెను, అప్పటికి ఆలస్యమైనది.

ఊహ ఇట్లు భంగపడగా పట్టికకు మరల పట్టాభిషేకము జరిగినది. కెనడాలోని పెనెటాంగ్విషీన్ అను ఊరి కట్టుదిట్టమైన ఆస్పత్రిలో నుండిన 618 మంది పురుషుల చరిత్రలనుండి హారిస్, రైస్, క్విన్సీ అను పరిశోధకులు 1993లో 12 ప్రశ్నల కొలబద్దను చేసిరి. బడిలో అల్లరి, పదునారేండ్లలోపు తలిదండ్రులనుండి ఎడబాటు, పెండ్లి కాకుండుట, త్రాగుడు మొదలైనవి మార్కులను పెంచును. విచిత్రమేమన, స్కిజోఫ్రేనియా యను రోగమున్నచో మార్కులు తగ్గును. బాధితునకు తగిలిన గాయము ఎంత ఘోరమైనదైన అంత తగ్గును. లోకము దేనికి భయపడునో లెక్క దానికి భయపడలేదు. ఇంతవరకు మెచ్చదగినదే. కాని ఆ పండ్రెండింటిని మరల చదువుడు. చిన్ననాటి బడి మారదు, విడిపోయిన తల్లి తిరిగి రాదు, చేసిన నేరము చెరుగదు. ఏండ్లపాటు మందు మ్రింగి, పని నేర్చి, మనిషి మారినను అతని అంకె మారదు. మన పెద్దలు నుదుటివ్రాత యన్నదానికి ఇంతకంటె శాస్త్రీయమైన అచ్చు ప్రతి దొరకదేమో!

ఈ లోపమును గ్రహించియే బ్రిటిష్ కొలంబియాలో క్రిస్టఫర్ వెబ్‌స్టర్, ఆయన సహచరులు 1995లో హెచ్.సి.ఆర్.-20 అను మార్గదర్శిని రూపొందించిరి. ఇరువది విషయములలో పది గతమునకు, ఐదు వర్తమానమునకు, ఐదు మున్ముందు అతడు బ్రదుకబోవు పరిస్థితులకు. మార్కులు కూడి ఒక అంకె తేల్చుట దీని ఉద్దేశము కాదు. అన్నియు చూచి, ఆలోచించి, ఈ మనిషికి ఏ యిల్లు, ఏ తోడు, ఏ మందు ఉన్నచో హింస రాకుండునో వ్రాయుమని అది వైద్యుని కోరును. మేలైన సాధనమే. ఐనను 2012లో ఇట్టి కొలబద్దలపై 73 సమూహములలో 24,827 మందిని గూర్చి జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూడగా, హింస చేయునని ముద్రపడినవారిలో నిజముగా చేసినవారు నూటికి 41 మంది మాత్రమే.

ఇంతవరకు పరప్రాణమును గురించి. ఆత్మప్రాణమును గురించిన శాఖ మొదలు వేరు, దాని గాలియే వేరు. అది జైలులో పుట్టలేదు. ఒక శవపంచాయితీ ఆఫీసు నేలమాళిగలో పుట్టినది. 1949లో లాస్ ఏంజెలెస్ నగరమున మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేయు మనస్తత్వజ్ఞుడు ఎడ్విన్ ష్నీడ్‌మన్‌ను, ఆత్మహత్య చేసికొన్న ఇద్దరు సైనికుల భార్యలకు సానుభూతి జాబులు వ్రాయుమని పై అధికారి ఆజ్ఞాపించెను. జాబునకు వివరములు కావలెనని ఆయన కరోనరు కార్యాలయమునకు పోయి, దస్త్రము విప్పగా, అందు చనిపోయినవాడు వ్రాసిపెట్టిన చీటి కనబడెను. ప్రక్క దస్త్రము తీసెను. అందును ఒక చీటి. గది నిండ వందలకొలది చీటీలు, ఎవరును చదువనివి. ఆ మధ్యాహ్నము వానిని చదువుచు కూర్చుండుట మాని, చదువకుండ దాచుకొని, మామూలు మనుష్యులు ఊహించి వ్రాసిన చీటీలతో కలిపి పోల్చి చూడవలెనను బుద్ధి ఆయనకు పుట్టుటయే ఈ శాస్త్రమునకు జన్మలగ్నము.

సహచరుడు నార్మన్ ఫార్బరోతో కలిసి ఆయన 33 నిజమైన చీటీలను, వయస్సు, వృత్తి మొదలగువానిలో సమానులైన వేరువారు 'మీరే వ్రాయవలసివచ్చిన నేమి వ్రాయుదురు' అని కోరగా వ్రాసిన మరి 33 చీటీలతో జతపరిచెను. ఊహించి వ్రాసినవారు జీవితమును గురించి తత్త్వము పలికిరి; నిజముగా వ్రాసినవారు ఫలానా బాకీ తీర్చుడు, ఫలానా వస్తువు ఫలానా వారికి ఇండు అని ఇంటి పనులు అప్పగించిరి. మరణపుటంచున మనిషి నోట వేదాంతము వచ్చునని మనము కావ్యములలో చదివినది అబద్ధమైనది.

1958లో వారు, రాబర్ట్ లిట్‌మన్ అను మనోవైద్యునితో చేరి, కౌంటీ ఆస్పత్రి ఆవరణలోని పాడుపడిన భవనములో ఆత్మహత్యా నివారణ కేంద్రము తెరచిరి. అర్ధరాత్రి టెలిఫోను మ్రోగును. ఎత్తినవాడు గొంతు తప్ప మఱేమియు చూడలేడు. కొన్ని నిమిషములలో, మనిషిని పంపవలెనా, మాటలతో నిలుపవచ్చునా తేల్చుకొనవలెను. ఆ అవసరమునుండి పుట్టినది వారి అచ్చు పట్టిక: వయస్సు, కలత, మనసులోని పథకము ఎంత సిద్ధమైనది, ఆదుకొను బంధువులున్నారా, మునుపెప్పుడైన యత్నించిరా. టెలిఫోను ప్రక్కన, ఆ క్షణములో, వినువానికి తోడుగా పుట్టిన కాగితము అది. అచ్చటినుండి అది కదలి, ఆస్పత్రి కౌంటరు మీదికి, ఆడిటరు ఫైలులోనికి పోయిన కొలది దాని స్వభావము మారినది.

ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ మరియొక దారి పట్టెను. దుఃఖము కంటె నిరాశ ప్రమాదకరమని ఆయన గమనిక. రేపటిమీద ఆశ చచ్చినవాడు ప్రాణమునకు విలువ కట్టడు. 1974లో ఆయన బృందము 20 వాక్యముల నిరాశాసూచిని ప్రకటించెను. ప్రతి వాక్యమునకు ఒప్పు, తప్పు అని గుర్తు పెట్టిన చాలును. చావవలెనను ఆలోచనతో ఆస్పత్రిలో చేరిన 207 మందిని పిమ్మట ఐదుమొదలు పదేండ్లు గమనించి, వారిలో 14 గురు ఆత్మహత్య చేసికొనగా, అట్లు పోయినవారిలో నూటికి 91 మందికి ఈ సూచిలో 10గాని, అంతకు మించిగాని మార్కులున్నట్లు 1985లో చూపిరి. వైద్యలోకము పులకించెను. ఐతే పది దాటియు సుఖముగా బ్రదికినవారెందరు అను లెక్కకు అంత పులకింత దక్కలేదు.

ఆ లెక్క ఎందుకు ముఖ్యమో మన ఇంటి పనిలోనే తెలియును. బియ్యములో రాళ్ళు ఏరుటకు జల్లెడ పట్టుదుము. 12,000 గింజలలో 40 రాళ్ళున్నవనుకొందము. నాలుగు రాళ్ళలో మూడింటిని పట్టి, నాలుగు గింజలలో మూడింటిని విడుచు జల్లెడ మన చేతికి వచ్చెననుకొందము. చెడ్డ జల్లెడ కాదు. అది 30 రాళ్ళు పట్టును. వానితోపాటు 2,990 మంచి గింజలను కూడ రాళ్ళని పట్టును. 10 రాళ్ళు అన్నములోనికి పోనే పోవును. ఇది జల్లెడ తప్పు కాదు, రాళ్ళు అరుదగుట తప్పు. ఈ సంగతిని మిన్నెసోటాలోనే ఆల్బర్ట్ రోజెన్ 1954లో హెచ్చరించి ఉండెను. ముప్పదేండ్ల తరువాత హ్యూస్టన్ నగరమున అలెక్స్ పొకోర్నీ దానిని నిజము మనుష్యులమీద చూచెను: 4,800 మంది రోగులను చేర్చుకొనునప్పుడే సమస్త పరీక్షలు చేసి, నాలుగుమొదలు ఆరేండ్లు కనిపెట్టి యుండగా, 67 మంది ఆత్మహత్య చేసికొనిరి. ఎంత మేలైన సూత్రము కట్టినను, ఆ 67లో సుమారు సగము పట్టుబడుటకు వేయిమందికి పైగా నిరపరాధులు వలలో పడిరి. 1983లో ఆయన ఆ సంగతి ఉన్నదున్నట్లు అచ్చువేసెను.

అదే 1983లో, విధివిలాసమో యేమో, వైద్యవిద్యార్థులు వ్రేళ్ళమీద లెక్కించుకొనుటకు వీలైన పది ప్రశ్నల సూచి యొకటి 'శాడ్ పర్సన్స్' అను పేర వెలువడినది; ఆ ఆంగ్లపు పేరులో ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క ప్రశ్న. పొకోర్నీ లెక్కను చదివినవారు కొందరు. ఈ సూచిని కంఠస్థము చేసినవారు లోకమంతట కలరు. పురుషుడైన ఒక మార్కు. పందొమ్మిదేండ్లకు తక్కువైనను, నలుబదియైదు దాటినను ఒక మార్కు. జతలేనివాడైన ఒక మార్కు. ఇప్పుడు మన పల్లెలో ఇరువదియైదేండ్ల కోడలిని ఈ సూచి ముందు నిలబెట్టుడు: స్త్రీ, గనుక సున్న, ఇరువదియైదు, గనుక సున్న, మగడున్నాడు, గనుక సున్న. ఆ మగడే ఆమె బాధ కావచ్చునన్న సంగతికి గడి లేదు. 2016లో ప్రపంచమంతట ఆత్మహత్య చేసికొన్న స్త్రీలలో నూటికి 36 మందికి పైగా భారతదేశపు స్త్రీలే. వారిలో పెండ్లియైన యువతులు తక్కువ కారు. ఎవరి ఊరికై కుట్టిన చొక్కాయో మన వంటికి తొడిగితిమి.

మన నేలమీద ఈ ప్రశ్నలకు ఇంకొక అడ్డంకి యుండెను. 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షను ప్రకారము ఆత్మహత్యాయత్నము నేరము, ఏడాది వరకు ఖైదు. 'మునుపెప్పుడైన యత్నించితివా' అని డాక్టరు అడిగినచో 'అవును' అనుట నేరాంగీకారమే గదా! అత్యవసర విభాగములో వార్డుబాయి మొదలు అందరును 'ఎమ్మెల్సీ కేసు' (పోలీసులకు తెలుపవలసిన మెడికో-లీగల్ కేసు) అని గుసగుసలాడగనే, బంధువులు రోగి ప్రక్కన చేరి, పొరపాటున జరిగినదని ఒక్క గొంతుతో చెప్పుదురు. 'కడుపునొప్పి తాళలేక' అను మాట మన పోలీసు కాగితములలోను, జిల్లా పత్రికల మూలలలోను ఎన్ని వేల యిండ్ల దుఃఖమును మూసిపెట్టినదో! 1980ల దశకములో బొంబాయి హైకోర్టు ఆ సెక్షనును కొట్టివేయగా, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సమర్థించెను. 1994లో సుప్రీంకోర్టు కొట్టివేసి, 1996లో తానే నిలబెట్టెను. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము, యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నాడని భావించి, వానిని శిక్షింపక ఆదుకొనవలెనని చెప్పిన తరువాత గాని, 2024 జూలైలో కొత్త న్యాయసంహిత అమలులోనికి వచ్చి పాత సెక్షను రాలిపోయిన తరువాత గాని, ఆ ప్రశ్న వట్టి ప్రశ్న కాలేదు. ఇప్పుడు 14416 అను నెంబరుకు ఫోను చేసినచో టెలి మానస్ వారు తెలుగులోనే మాటలాడుదురు; పేరు చెప్పుటకు జంకవలసిన పని తగ్గినది.

ఇక భాష మాట. 'చచ్చేంత నవ్వొచ్చింది' అందుము. 'చావనైనా చస్తాను గానీ వాళ్ళ గడప తొక్కను' అందుము. బిడ్డ అన్నము తినకున్న 'నా ప్రాణం విసిగించకురా' అందుము. చావును ఉప్పువలె ప్రతి మాటలోను చల్లుకొను జాతి మనది. అదే జాతిలో నిజముగా విసిగినవాడు చావు మాటయే ఎత్తడు. 'ఏమో, ఎందుకో ఏం బాగాలేదు' అని గోడవైపు తిరుగును. తర్జుమా చేసిన కాగితము మొదటివానిని పట్టి రెండవవానిని విడుచును. వార్డులో నవ్విన అవ్వ పట్టుబడినది అందుచేతనే. పండిన నర్సు యొకతె మాత్రము అట్లు గోడవైపు తిరిగినవానిని చూడగనే, 'ఇంటికి ఎవరు తీసుకుపోతారయ్యా? రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు?' అని అడుగును. ఆ ప్రశ్నలకు మార్కులు లేవు.

2017లో జోసెఫ్ ఫ్రాంక్లిన్ బృందము యాబదేండ్లలో జరిగిన 365 పరిశోధనలను తూచి, ఆత్మహత్యను ముందుగా చెప్పుటలో మన నేర్పు బొమ్మా బొరుసా వేసినదానికంటె ఏమంత మెరుగు కాదని, యాబదేండ్లలో పెరుగను లేదని తేల్చెను. ఇంగ్లండులో వైద్యప్రమాణములు నిర్ణయించు నైస్ సంస్థ, ఇట్టి సూచులతో భవిష్యత్తు చెప్పవలదని, వానిని చూచి ఎవరికి చికిత్స ఇయ్యవలెనో, ఎవరికి మానవలెనో నిర్ణయింపవలదని 2011లోను, మరల 2022లోను ఆదేశించెను. ఐనను కాగితము పోలేదు. 'లో రిస్కు' అని టిక్కు పెట్టిన చేతికి రక్షణ కలదు. ఏమియు వ్రాయని చేతికి లేదు. అచ్చట ఆత్మహత్యలపై విచారించు సంఘమువారి నివేదికలలో చూడగా, చనిపోయినవారిలో పెక్కుమంది చివరిసారి చూచినప్పుడు ముప్పు తక్కువయని వ్రాయబడినవారే.

చెన్నైతో కూడ ఐదు దేశముల ఐదు నగరములలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించి 2008లో ప్రకటించిన పరిశోధన యొకటి ఈ కథలో నాకు మిక్కిలి ఇష్టమైనది. ఆత్మహత్యాయత్నము చేసి అత్యవసర విభాగమునకు వచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు చికిత్స చేసి పంపిరి. కొందరికి ఒక గంటసేపు నెమ్మదిగా మాటలాడి, తరువాత పదునెనిమిది నెలలలో తొమ్మిదిసారులు, ఫోనుమీదనో ఇంటికి పోయియో, ఎట్లున్నారని అడిగి వచ్చిరి. ఎవరు హై, ఎవరు లో అని ఏరలేదు. మొదటివారిలో నూటికి రెండుకు పైగా ఆత్మహత్య చేసికొనగా, రెండవవారిలో వేయికి ఇద్దరు.

దీనికి పూర్వరూపము శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అను మనోవైద్యుడు 1969లో మొదలుపెట్టినది. ఆస్పత్రినుండి పోయి, మరల చికిత్సకు రానన్న 843 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు జాబులు వ్రాయించెను: మొదట నెలకొకటి, పిమ్మట రెండు నెలలకు, పిమ్మట మూడు నెలలకు, ఐదేండ్లలో మొత్తము ఇరువదినాలుగు. ఆస్పత్రిలో వారితో మాటలాడినవారి సంతకముతోనే జాబు పోవును. జాబు అందినవారిలో ఆత్మహత్యలు తగ్గినవి. మొదటి రెండేండ్లలో ఆ తేడా స్పష్టముగా కనబడినది. ప్రతి జాబులోను తిరుగు చిరునామా వ్రాసిన కవరు నుంచిరి గాని దానికి తపాలా బిళ్ళ అంటింపలేదు. బిళ్ళ ఖర్చు పెట్టిరే, జవాబు వ్రాయకున్న బాగుండదే అన్న మొగమాటము రోగికి కలుగరాదని.

మోటో కూడ కొలబద్ద చేసినవాడే. 2,753 మంది రోగులను గమనించి 1985లో ఆయన ప్రకటించిన సూచిలో పదునైదు ప్రశ్నలున్నవి. చాల కాలమైనది మీరు వచ్చి, కుశలముగా నున్నారని తలతుము, ఎప్పుడైన ఒక మాట వ్రాయదలచినచో సంతోషింతుము అని రెండు వాక్యములు మాత్రమే ఉండు ఆ జాబులో ప్రశ్న ఒక్కటియు లేదు.